హిల్మా బొత్తాల పెట్టె

అరటిపండు ఉందేమో చూడాలన్న సాకుతో ఆర్లో ట్వేటెన్ హిల్మా కోస్కెలా గాలాల పెట్టెను తలకిందులు చేశాడు. అది 1979 మే నెల, వాలై చేపల వేట మొదలయ్యే శనివారం. హాల్వర్ సరస్సు మీద గడ్డకట్టిన మంచు విడిచి తొమ్మిది రోజులే అయింది. రిసార్టు చెక్కరేవు మీద పదకొండు మంది గైడ్లు, వాళ్ల పడవలెక్కి చేపలు పట్టడానికి వచ్చిన పాతిక ముప్పై మంది పట్నం వాళ్లు, అందరి చేతుల్లోనూ కాఫీ. హిల్మాకి ఇరవై నాలుగేళ్లు. గైడుగా అది ఆమె మొదటి రోజు.

పడవలో అరటిపండు ఉంటే చేప పడదని ఆ సరస్సు మీద అందరి నమ్మకం. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు గానీ, జిల్లా జడ్జీ అయినా సరే, సెలవుల్లో పడవెక్కే ముందు సంచీ దులిపి చూపించవలసిందే. కొత్త గైడు వచ్చినప్పుడు పెద్దగైడు వాడి పెట్టె మూత తీసి, లోపలికి ఓసారి తొంగిచూసి, పండు లేదని ప్రకటిస్తాడు. అందరూ నవ్వుతారు. ఆ వెంటనే కొత్తవాడి పేరు చెక్కిన చిన్న తెడ్డులాంటి చెక్కను రేవు మొదట్లో ఉన్న పెద్ద పలకకు మేకు కొట్టి వేలాడదీస్తారు. ఆ పలక మీద పేరున్నవాడే హాల్వర్ సరస్సుకి గైడు. లేనివాడు పడవ ఉన్న మనిషి, అంతే. పేర్లు చెక్కేది కూడా పెద్దగైడే. అప్పటికి పదేళ్లుగా ఆ పెద్దగైడు ఆర్లో.

హిల్మా తెచ్చుకున్నది వాళ్లమ్మ కుట్టుపెట్టె. మూడు అరలు మెట్లలా తెరుచుకునే చెక్కపెట్టె, లోపల ఎర్రటి ఉన్నిగుడ్డ అంటించి ఉంది. ఆర్లో దాన్ని చూసి, రెండు చేతులా పైకెత్తి, అందరికీ వినపడేలా అన్నాడు.

"ఇందులో బొత్తాలుండాలి కదా అమ్మాయ్. పండు వాటి కింద దాచావేమో."

మూత తీసి చూస్తే సరిపోయేది. అతను తిరగేశాడు. అంతకు ముందు శీతాకాలమంతా హిల్మా వంటింటి పొయ్యి మీద సీసం కరగబెట్టి, అచ్చుల్లో పోసి, గాలపు ముల్లుకి తలకాయలా గుండు కట్టిన జిగ్‌లు అరవై దాకా చేసింది. ఒక్కోటీ సగం నారింజ రంగు, సగం ఆకుపచ్చ, కళ్లకి వాళ్లమ్మ గోళ్లరంగుతో ఎర్రచుక్క. అవన్నీ రేవు పలకల మీద దొర్లి, సందుల్లోంచి ఒక్కొక్కటే నీళ్లలోకి జారిపోయాయి. చినుకులు పడుతున్న చప్పుడులా ఉంది అది. కాఫీ కప్పులు పట్టుకున్న వాళ్లు నవ్వారు. కొందరు నవ్వలేదు, కానీ వంగి ఏరినవాళ్లు కూడా లేరు. హిల్మా మోకాళ్ల మీద కూచుని దొరికినవి ఏరుకుంది.

"పండు లేదు" అన్నాడు ఆర్లో. పేరు చెక్క మాత్రం తీయలేదు. అది ఇంకా తయారు కాలేదని చెప్పాడు.

ఆ పూట ఆమె పడవలో అయోవా నుంచి వచ్చిన అన్నదమ్ములిద్దరు ఎక్కారు. పగలంతా ఎలాగో గడిచింది. వాలై పగటి చేప కాదు. దాని కళ్లు గాజుగోళీల్లా ఉంటాయి. మసక వెలుతురులో దానికి బాగా కనిపిస్తుంది, అది తినే చిన్నచేపలకి కనిపించదు. అందుకని పొద్దు వాలాక ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట, అది ఆబగా తింటుంది. గైడు బతుకంతా ఆ ఇరవై నిమిషాల్లో ఉంది. దీపం వెయ్యకూడదు. చేప లోతులోంచి ఒడ్డు వైపు వస్తుంది కాబట్టి బరువు జిగ్ విప్పి తేలిక జిగ్ కట్టాలి. హిల్మా పెట్టెలో చెయ్యి పెట్టింది. పొద్దున కంగారుగా ఎత్తిపోసుకున్నవన్నీ ఒకదానికొకటి చిక్కుపడి, చెక్కపేళ్లతో, పైన్ ఆకులతో కలిసి ఒక్క ముద్దగా పైకొచ్చాయి. పిచ్చుక గూడులో ముళ్లు పెట్టినట్టుంది. ఆమె వేళ్లు గీరుకుపోతూ ఆ చిక్కు తీస్తుండగానే చుట్టూ పడవల్లో చేపలు పడ్డాయి, ఆగిపోయాయి. ఆమె పడవలో రెండంటే రెండు.

అన్నదమ్ములు మర్యాదస్తులు. ఆమెను ఒక్క మాట అనలేదు. రిసార్టు యజమాని లూవెర్న్ హాగ్ దగ్గరికి వెళ్లి, రేపటికి ఇంకెవరినైనా ఇస్తే బాగుంటుందని చెప్పారు. సోమవారానికి హిల్మా తన పాత పనికి, రిసార్టులో చేపలు కోసే పాకకి, తిరిగి వచ్చింది. ఆమెకిచ్చిన పడవలో ఆర్లో మేనల్లుడు కెర్మిట్ ఉన్నాడు. వాడి పేరు చెక్క ముందే తయారై ఉందని, ఆర్లో కోటు జేబులోనే ఉందని, తర్వాత అందరికీ తెలిసింది. తెలిసి ఎవరూ ఏమీ అనలేదు. ఆ ప్రాంతంలో మనుషులు మంచివాళ్లు. చలికి కారు ఆగిపోతే ముక్కూ మొహం తెలియని వాడి కోసం గంట సేపు మంచు తవ్వుతారు. ఎదుటివాడికి జరిగిన అన్యాయం గురించి మాత్రం వాతావరణం గురించి మాట్లాడినంత కూడా మాట్లాడరు.

ఆ పాకలో హిల్మా ఇంకో ఆరేళ్లు పని చేసింది. గైడ్లు తెచ్చిన చేపలన్నీ ఆమె కత్తి కిందికే వచ్చేవి. నోట్లో విరిగిపోయిన ముల్లు ఎవరిదో, పొట్టలో ఉన్నది జలగో, పీతో, వేలెడు చేపపిల్లో ఆమెకే ముందు తెలిసేది. ఏ నెలలో ఏ లోతులో చేప ఏం తింటోందో పెద్దగైడు కంటే చేపలు కోసే మనిషికే ఎక్కువ తెలుసు. అతను ఆ సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు.

అవన్నీ తెలిశాక కూడా ఆమెకి ఆ సాయంత్రం చిక్కుముద్దే గుర్తొచ్చేది. ఆర్లో తిరగేశాడు, నిజమే. కానీ తిరగేస్తే పడిపోయేట్టు సర్దుకున్నది తనే. ఈ రెండో మాట ఆమె ఎవరికీ చెప్పలేదు, ఎవరైనా అంటే ఊరుకునేది కాదు. తనకి తాను మాత్రం ఒప్పుకుంది. తన బతుకులో ఆమె చేసిన అన్నిటికంటే కష్టమైన పని అదేనేమో.

అప్పటినుంచి ఆమె పెట్టెల మీద పడింది. మొదట అమ్మ కుట్టుపెట్టె లోంచి ఉన్నిగుడ్డ పీకేసింది. అది నీళ్లు పట్టుకుని ముళ్లన్నిటికీ తుప్పు ఎక్కించింది. తుప్పు పట్టిన ముల్లు ఒక్కటుంటే చాలు, పక్కవాటికి పాకుతుంది. తర్వాత ప్లాస్టిక్ అరల పెట్టె ఒకటి కొని, అందులో రంగువేసిన జిగ్‌లూ, వాటికి తొడిగే మెత్తటి రబ్బరు తోకలూ కలిపి సర్దింది. జూలై ఎండలో ట్రక్కులో రెండు రోజులు వదిలేసి తీసి చూస్తే రబ్బరు కరిగి, రంగు కరిగి, ప్లాస్టిక్ అడుగు కూడా మెత్తబడి, మొత్తం మేపుల్ పాకంలా సాగింది. ఆ సరస్సు మీద ప్రతివాడూ జన్మలో ఒకసారి ఈ తప్పు చేస్తాడు. చాలామంది రెండోసారి కూడా చేస్తారు. హిల్మా ఆ కరిగిన పెట్టెను పారెయ్యలేదు. గ్యారేజీ గోడకి మేకు కొట్టి, కళ్లకి ఎదురుగా వేలాడదీసుకుంది.

భర్త రైనో దుంగల లారీ నడిపేవాడు. మంచివాడు, మాటకి మాట అనే రకం. వంటింటి బల్ల మీద ఎప్పుడు చూసినా ముళ్లూ, దారాలూ, ఎరగా వాడే చేపబొమ్మలూ. అతనికి మాంసం, బంగాళాదుంపలు కలిపి వండిన హాట్‌డిష్ గిన్నె ఒళ్లో పెట్టుకుని తినడం అలవాటైపోయింది.

"మన పెళ్లి ఫొటోలు ఎక్కడున్నాయో నీకు తెలుసా?" అని అడిగాడు ఒకసారి.

"తెలీదు."

"ఎనిమిదో నంబరు ముల్లు ఎక్కడుందో?"

హిల్మా తల ఎత్తకుండానే చెయ్యి చాపి, వారానికి సరిపడా మాత్రలు పెట్టుకునే ప్లాస్టిక్ డబ్బీ తీసి, బుధవారం గడి తెరిచి అతని ముందు పెట్టింది. రైనో కాసేపు ఆ గడి వైపు చూసి, పోన్లే, ఎప్పుడైనా నేను తప్పిపోతే గురువారంలో వెతుకు అన్నాడు.

నాలుగైదేళ్లు తిరిగేసరికి ఆమెకి ఒక పద్ధతి కుదిరింది. అందరూ ముందు పెట్టె కొంటారు, తర్వాత అది నిండేదాకా సామాను కొంటారు. ఆమె తెల్ల దుప్పటి పరిచి ముందు సామానంతా దాని మీద పోసేది. ఏడాదిలో ఒక్కసారి కూడా నీళ్లు తాకనిది తీసి పక్కన పెట్టేది. మిగిలినవాటిని రకాన్ని బట్టి కాకుండా కాలాన్ని బట్టి, లోతుని బట్టి కుప్పలు చేసేది. వసంతంలో తీరం దగ్గర చిన్న జిగ్‌లు. ఎండాకాలంలో రాతిగుట్టల పక్కన జలగ గుచ్చి లాగే తళుకురేకుల దారాలు. ఆకులు రాలే కాలంలో లోతున ఈదే చేపబొమ్మలు. ఒక్కో కుప్పకి ఒక్కో పల్చటి పెట్టె. రోజూ పడవలోకి మూడే పెట్టెలు, మిగిలినవి ట్రక్కులోనే. తళుకురేకుల దారాలు చిక్కుపడకుండా, పిల్లలు ఈతకి వాడే ఫోమ్ గొట్టాన్ని ముక్కలు కోసి వాటి చుట్టూ చుట్టింది. మూడేసి ముళ్లుండే చేపబొమ్మ ఒక్కోదానికి ఒక్కో గది, పక్కదాన్ని పలకరించే వీలు లేకుండా. రబ్బరు తోకలు కొన్న సంచుల్లోనే, వేరుగా. ప్రతి పెట్టె అంచుకీ ఆకురాయితో గీట్లు: వసంతానికి ఒకటి, ఎండాకాలానికి రెండు, ఆకులు రాలే కాలానికి మూడు. మసక చీకట్లో బొటనవేలు ఆనిస్తే చాలు. ఇంటికొచ్చాక కాఫీ కంటే ముందు అన్ని మూతలూ తెరిచి ఆరబెట్టేది.

ఈ పల్చటి పెట్టెలన్నీ పెట్టడానికి దేవదారు చెక్కతో ఆమే ఒక పెద్దపెట్టె చేసుకుంది. అరలో పుస్తకాల్లా పెట్టెలు నిలువుగా గాడుల్లో కూచుంటాయి. ముందు అడ్డంగా ఒక కమ్మీ. మూత చుట్టూ రబ్బరు పట్టీ, సైన్యం వాళ్లు తూటాలు పెట్టుకునే ఇనప డబ్బాలకున్నట్టు గట్టి కొక్కెం. చేసిన రోజున గ్యారేజీలో ఆ పెట్టెను పైకెత్తి తలకిందులు చేసింది. ఒక ముల్లు కూడా కదిలిన చప్పుడు లేదు. ఎవరినీ పిలిచి చూపించలేదు. మళ్లీ ఒకసారి తిరగేసింది, అంతే.

ఆ పెట్టెతో ఆమె గైడు పని మళ్లీ మొదలుపెట్టింది, రిసార్టు రేవు నుంచి కాదు, సరస్సు అవతలి ఒడ్డున పడవలు దించుకోవడానికి ఉన్న ప్రభుత్వ రేవు నుంచి. మొదటి రెండేళ్లూ ఎదురుపడిన ప్రతి పడవ నుంచీ ఏదో ఒక మాట వినపడేది. ఆమెకి బొత్తాల పెట్టె అని పేరు పెట్టారు. 'ఏం బొత్తాం, ఇవాళ చొక్కా కుడుతున్నావా, చేప పడుతున్నావా' అనేవాడు కెర్మిట్. ఆమె ఒకరోజు ఇంటికి వెళ్లి పెద్దపెట్టె మూత మధ్యలో తెల్లటి చొక్కా బొత్తాం ఒకటి బిగించుకుంది. అది చూసిన తర్వాత ఆ పేరుతో పిలవడంలో వాళ్లకి అంత రుచి లేకుండా పోయింది.

1993 సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం వాయవ్యం నుంచి గాలి లేచింది. హాల్వర్ లోతు తక్కువ సరస్సు, గాలి వస్తే పావుగంటలో నడుమెత్తు అలలు. కెర్మిట్ పడవ రాతిగుట్ట దగ్గర అడ్డం తిరిగింది. తెరిచి ఉన్న అతని పెట్టెలు రెండూ బోర్లాపడి, చేపబొమ్మలన్నీ పడవ అడుగున నీళ్లలో తేలుతున్నాయి. చేపలు పట్టడానికి అతని పడవెక్కినాయన పడిపోకుండా చెయ్యి ఆనించబోతే అరచేతిలో ఒక బొమ్మ మూడు ముళ్లూ దిగాయి. ఆ దగ్గర్లో ఉన్నది హిల్మా పడవే. ఇద్దరినీ తన పడవలోకి ఎక్కించుకుంది. దారిలో అల కొట్టిన కొట్టుడుకి ఆమె దేవదారు పెట్టె ముందు నుంచి వెనక్కి మూడుసార్లు పల్టీ కొట్టింది. దాని మీద కాలు పెట్టి ఆపి, కొక్కెం తీసి, బొటనవేలితో తడిమి, చూడకుండానే ముళ్లు కత్తిరించే పటకారు తీసింది కెర్మిట్ ఎదుటే. అతని మొహం పాలిపోయి ఉంది, అయినా ఆ పెట్టె లోపలికి తొంగిచూశాడు. అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి.

ఆ శీతాకాలం కెర్మిట్ భార్య వచ్చి, మా తమ్ముడికి పుట్టినరోజు కానుక అని చెప్పి ఒక పెట్టె చేయించుకుంది. ఆమెకి తమ్ముడు లేడని హిల్మాకి తెలుసు. ఎవరి చెయ్యి ఎంత పొడుగో కొలత కావాలి, మీ ఆయనకీ తమ్ముడికీ ఒకటే పొడుగా అని అడిగి, కెర్మిట్ చేతికి సరిపోయేలా చేసి, మూత మీద బొత్తాం బిగించి ఇచ్చింది. తర్వాత ఒకరొకరుగా గైడ్లంతా వచ్చారు. ఆమె అందరికీ ఒకటే చెప్పేది: పెట్టె సంగతి తర్వాత, ముందు మీ సామాను తెచ్చి దుప్పటి మీద పొయ్యండి. ఎడమచేతి వాడి పెట్టె వేరు, నిలబడి గాలం వేసేవాడి పెట్టె వేరు. రెండు వేల సంవత్సరం దాటేసరికి ఆ సరస్సు మీద బొత్తాం లేని పెట్టె ఉన్న గైడు ఒక్కడే మిగిలాడు. ఆర్లో తన పాత ఆకుపచ్చ రేకు డబ్బా వదల్లేదు.

పలక మీద మాత్రం హిల్మా పేరు లేదు. గైడ్లు చనిపోయేవాళ్లు, మానేసేవాళ్లు, కొత్తవాళ్లు వచ్చేవాళ్లు. ఆమె దగ్గర పెట్టె చేయించుకున్న కుర్రాళ్ల పేర్లు ఆమె చూస్తుండగానే ఎక్కేవి. ప్రతి మే నెలలో వేట మొదలయ్యే శనివారం పొద్దున ఆమె పడవ ఆ రేవు ముందు నుంచే వెళ్లేది. మోటారు వేగం కొంచెం తగ్గించేది. పలక వైపు చూసేది, మళ్లీ వేగం పెంచేది. నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి వేయించుకున్న పేరు ఆమెకి అక్కర్లేదు. అడక్కుండా వేసేవాడు ఆర్లో ఒక్కడే, అతను వెయ్యడు. రైనో ఒకసారి తనే ఒక చెక్క చెక్కి తెస్తే, హిల్మా దాన్ని పొయ్యిలో పెట్టింది.

2019 ఏప్రిల్లో, సరస్సు ఇంకా తెల్లగా గడ్డకట్టి ఉండగా, ఆర్లో ఆమె గ్యారేజీకి వచ్చాడు. కెర్మిట్ కారులో దింపి, లోపలికి రాకుండా బయటే కూచున్నాడు. ఆర్లోకి ఎనభై ఒకటి. చంకలో రేకు డబ్బా.

"కాఫీ ఉందా?" అన్నాడు. ఆ ఊళ్లో ఏ సంగతికైనా ముందు అదే మాట.

ఉందంది. కప్పు అతని చేతికిచ్చి, చెయ్యి దాన్ని వెతుక్కుంటున్న తీరు చూసింది.

"నడిమధ్యలో ఏమీ కనపడట్లేదు హిల్మా. అంచులు కనపడతాయి. నీ గుమ్మం కనపడింది, నువ్వు కనపడట్లేదు."

"నలభై ఏళ్లుగా అంతేగా" అంది హిల్మా.

ఆర్లో ముక్కుతో నవ్వాడు. ఇంకో ఇద్దరు మనుషులయితే అక్కడ చాలా మాటలు వచ్చేవి. వాళ్లు కాఫీ తాగారు. ఆర్లో సంగతి చెప్పాడు. ఈ ఏడు వేట మొదలయ్యే రోజున ఒక్కసారి సరస్సు మీదికి వెళ్లాలి. కెర్మిట్ పడవ నడుపుతాడు. కానీ తన గాలం ఇంకొకడు కట్టి ఇస్తే అతను ఒడ్డునే కూచుంటాడు. ముడి వెయ్యడం వేళ్లకి వచ్చు. పెట్టెలో వెతుక్కోవడమే ఇక రాదు.

హిల్మా తెల్ల దుప్పటి పరిచింది. రేకు డబ్బా కొక్కెం తీసి, దాన్ని తిరగెయ్యకుండా, ఒక్కొక్కటే చేత్తో తీసి దుప్పటి మీద పెట్టింది. తుప్పు పట్టినవి, పిల్లులు కొరికినట్టున్న రబ్బరు తోకలు, జిగురులో అంటుకుపోయిన చేపబొమ్మలు. గంట పట్టింది. ఆర్లో ఆ చప్పుళ్లు వింటూ కూచున్నాడు. డబ్బా అడుగున, పొగాకు డబ్బీలో, మెత్తటి గుడ్డలో చుట్టి ఒక జిగ్ ఉంది. రంగు సగం రాలిపోయింది. రాలని సగంలో ఒక పక్క నారింజ, ఒక పక్క ఆకుపచ్చ. కంటికి గోళ్లరంగు ఎర్రచుక్క.

హిల్మా దాన్ని అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో ఆ ఎర్రచుక్కను తడిమింది. దుప్పటి మీద చప్పుళ్లు ఆగిపోవడం ఆర్లోకి తెలిసిపోయింది.

"గుండ్రటి తలదా?" అన్నాడు.

"అదే."

"ఒకటి పలకల మీద మిగిలిపోయింది. జేబులో వేసుకున్నాను." కప్పు రెండు చేతుల్లో తిప్పాడు. "అంత బాగా చేపలు పట్టిన జిగ్ నా దగ్గర ఇంకోటి లేదు. అలాంటివి చెయ్యాలని నేనూ చూశాను. బరువు కుదరలేదు."

ఈ మాట చెప్పడానికి నలభై ఏళ్లు పట్టింది. నలభై ఏళ్లుగా ఆ జిగ్‌తో చేపలు పడుతూనే ఉన్నాడు. క్షమించమని అతను అనలేదు. అక్కడి వాళ్లకి ఆ మాట నోటికి రాదు. హిల్మా కూడా దాని కోసం ఎదురుచూడలేదు.

"ఇది ఎక్కడ పెట్టమంటావు?" అని అడిగింది.

"చెయ్యి ముందు తగిలే చోట."

ఆర్లో వెళ్లాక రైనో వంటింట్లోంచి వచ్చాడు. అంతా విన్నాడు.

"నేనయితే ఆ డబ్బాని వాకిట్లో తిరగేసేవాణ్ణి."

"తిరగెయ్యడానికి పెట్టెలు చెయ్యడం రానక్కర్లేదుగా" అంది హిల్మా.

మూడు వారాలు పట్టింది. చూపున్న వాళ్లకి చేసిన పెట్టెలన్నీ దీనికి తాలీము మాత్రమేనని పని మొదలుపెట్టాక ఆమెకి అర్థమైంది. గీట్లు ఇక్కడ చాలవు. జిగ్‌ల పెట్టె అంచుకి ఇసుక కాగితం, తళుకురేకుల పెట్టెకి తోలుముక్క, చేపబొమ్మల పెట్టెకి నున్నటి ఇత్తడి రేకు. లోపల గదులు ఎడమ నుంచి కుడికి బరువు పెరిగేలా. ముల్లు మొన ఎప్పుడూ అవతలి వైపుకే ఉండేలా ప్రతి గదిలో చిన్న ఫోమ్ కట్ట. ముందు గది మిగతావాటి కంటే కొంచెం పెద్దది. అందులో ఒక్కటే జిగ్. మూత మీద బొత్తాం.

ఆర్లో వచ్చి ఆమె బల్ల ముందు కూచున్నాడు. కిటికీ వైపు మొహం తిప్పుకోమంది. వరస లేకుండా పేర్లు చెప్పింది: పావు ఔన్సు జిగ్, ఆకుపచ్చ రేకు దారం, వెడల్పు మూతి చేపబొమ్మ. ఒక్కొక్కటీ అతని వేళ్ల మధ్యకి వచ్చింది. నాలుగోసారి ఆమె ఏమీ చెప్పకముందే అతని చెయ్యి ముందు గదిలోకి వెళ్లి అక్కడే ఆగింది.

"ఫరవాలేదు" అన్నాడు ఆర్లో. హాల్వర్ చుట్టుపక్కల అంతకు మించిన పొగడ్త ఎవరూ వినలేదు.

లేచి నిలబడ్డాక, నీకేం కావాలో చెప్పు అన్నాడు.

"ఇన్నాళ్లూ అడిగానా?" అంది హిల్మా.

వేట మొదలయ్యే శనివారం పొద్దున చలిగాలి లేదు. హిల్మా పడవ ఎప్పటిలాగే రిసార్టు రేవు ముందుకొచ్చి వేగం తగ్గించింది. రేవు మీద నుంచి కెర్మిట్ చెయ్యి ఊపాడు, పడవ కట్టమని. అతని పక్కన కోటు గుండీలన్నీ పెట్టుకుని ఆర్లో నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో బొత్తాం పెట్టె, ఇంకో చేతిలో తెడ్డులాంటి చిన్న చెక్క. కుర్ర గైడ్లు కాఫీలు పట్టుకుని పక్కకి జరిగారు. ఎవరూ నవ్వడం లేదు.

హిల్మా పడవ కట్టి, తన దేవదారు పెట్టెతో రేవు మీదికి ఎక్కింది. చెక్క మీద అక్షరాలు చూసింది. ఒక్కో అక్షరం ఒక్కో వైపు వాలింది. రెండు చోట్ల ఉలి జారి గాడి పడింది. చూపు పోయాక, వేలితో తడుముకుంటూ చెక్కినవి అవి. పలక మీదున్న నలభై పేర్లలో అంత వంకరది ఇంకొకటి లేదు. ఆమె వాటి మీద వేలు నడిపింది, చివరి అక్షరం దాకా.

ఆర్లో తన పెట్టె కెర్మిట్ చేతికిచ్చి, జేబులోంచి మేకు తీసి, పలక కోసం చెయ్యి చాపాడు.

వాళ్లిద్దరూ కలవడం అదే ఆఖరు. ఆ రోజు అతను పడవెక్కాడు, గాలం తనే కట్టుకున్నాడు. జూలైలో కూతురు వచ్చి అతన్ని దులూత్ పట్నానికి తీసుకుపోయింది. ఆ శీతాకాలం అతను దాటలేదు.

ఆ పొద్దున రేవు మీద, మేకు దిగకముందే, హిల్మా అతని చెయ్యి పట్టుకుని ఆపింది. చెక్కా మేకూ తీసుకుని, తన పెట్టెను ఆ రెండు చేతుల్లో పెట్టింది. నలభై ఏళ్ల కిందట కాళ్ల కింద ఉన్న పలకలే ఇప్పుడూ ఉన్నాయి, సందులు కూడా అవే.

"ముందు సోదా చెయ్యి ఆర్లో. పండు చూడకుండా ఎవరి పేరూ ఎక్కించలేదు కదా నువ్వు. మూత తియ్యక్కర్లేదు. తిరగేసి చూడు."